పంట పండిన కరువు

మా పావగడ తాలూకాలో కరువు అను మాటకు ఎవరికిని అర్థము చెప్పవలసిన పని లేదు. బడికి పోవు బాలుడు మొదలు మంచము పట్టిన ముదుసలి వఱకు అందఱికిని అది ఎఱిగిన చుట్టమే. వాన రాలేదు, చెఱువు నిండలేదు, వేరుసెనగకు ఊడలు దిగలేదు, కావున కరువు వచ్చినది. ఇంతకు మించి అందులో తెలిసికొనవలసినది లేదని మేమును చాలకాలము తలచుచుంటిమి. ఆ తలంపు తప్పని మాకు తెలియజేసినది పదవ తరగతి చదువుచుండిన ఒక బాలిక. ఆమె అడిగిన ప్రశ్నను, దానికి సమాధానము వెదకుటలో మేము నేర్చుకొన్న దానిని, అందులోనే మేము చేసిన ఒక పొరపాటును ఈ సంచిక చదువు తెలుగు కుటుంబములవారికి నివేదింపవలెనని ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

పావగడను చూడనివారి కొఱకు రెండు మాటలు. మా తాలూకాకు మూడు వైపుల ఆంధ్రదేశమే. జిల్లా కచేరి తుమకూరులో నున్నను, పెండ్లి సంబంధములు మడకశిర, పెనుకొండ, కల్యాణదుర్గముల వైపు సాగును. ఇంటిలో తెలుగు, బడిలో కన్నడము, సంతలో రెండును. నందికొండలలో పుట్టిన ఉత్తరపినాకిని మా నాగలమడికె సుబ్రహ్మణ్యస్వామి సన్నిధిని తాకుచు పోయి, అనంతపురము సీమలో పెన్న యను పేర ప్రసిద్ధి కెక్కినది. ఏటిలో నీటిని చూచిన దినములకంటె ఇసుకను చూచిన దినములే మా పిల్లలకు ఎక్కువ.

ఈ తాలూకాలోని ఒక ఉన్నతపాఠశాలలో మేము సాంఘికశాస్త్రము బోధించితిమి. ఆదివారముల సాయంకాలము మా యింటి అరుగుమీద, ఇష్టపడి వచ్చిన పిల్లలకు తెలుగు చదివించుట మాకు అలవాటు. ఈ పిల్లలకు తెలుగు మాటలాడుట వచ్చును, చదువుట రాదు. ఐనను కన్నడ లిపి వచ్చినవారికి తెలుగు లిపి దూరము కాదు. తలకట్టు తీరు తెలిసికొని, వేఱుగా నుండు కొన్ని అక్షరములను గుర్తుపట్టుకొన్నచో పదునైదు దినములలో పుస్తకము చేత పట్టవచ్చును. చదువ నేర్చినవారికి ఏమి చదివించవలెనన్నదే మాకు కష్టమైన ప్రశ్న. నీతికథలు చిన్నవైపోయినవి. ప్రబంధములు పెద్దవైపోయినవి.

2022వ సంవత్సరమున మేము మొదట ఎన్నుకొన్నది విద్వాన్ విశ్వంగారి 'పెన్నేటి పాట'. 1956లో వెలువడిన ఈ కావ్యము మెట్టసీమలోని పేద దంపతుల బ్రదుకును గానము చేసినది. ఆ కవి అనంతపురము జిల్లావారు, ఆ యేఱు మా యేఱే. దానిని బోధించుటకు మాకు శ్రమ యేమియు కలుగలేదు. పిల్లలు ప్రతిపదార్థములు అడిగిరే కాని భావము అడుగలేదు. ఒక కుఱ్ఱవాడు, "ఇది మా పక్కింటోళ్ళ కథే కద సార్" అనెను. ఆ మాటకు మేము మురిసిపోతిమి. మా బోధన ఫలించినదనుకొంటిమి. నిజమునకు మేము బోధించినది ఏమియు లేదు. వారికి తెలిసినదే వారికి మరల వినిపించితిమి.

తరువాత చేపట్టినది కొడవటిగంటి కుటుంబరావుగారి 'చదువు' నవల. సుందరమను బాలుని ఓనమాలనుండి అతని కాశీ చదువు వఱకు నడచు కథ అది. నడుమ మొదటి ప్రపంచయుద్ధము, జాతీయోద్యమము, తుదకు 1930 ప్రాంతపు ఆర్థికమాంద్యము ఒక సామాన్య కుటుంబపు వాకిటిలోనుండి కనబడును. మీరును బడిపిల్లలే గనుక బడిపిల్లవాని కథ రుచించునని చెప్పి మొదలుపెట్టితిమి. కుటుంబరావుగారు 1909లో తెనాలిలో పుట్టినవారనియు, అది కృష్ణ కాలువలు పాఱు మాగాణి సీమ యనియు, అచ్చట నేల యెండి బీటలు వాఱుట అరుదనియు కూడ వర్ణించితిమి. మా మెట్టపిల్లలు నోళ్ళు తెఱచి వినిరి.

ఆర్థికమాంద్యము ప్రస్తావన వచ్చినప్పుడు దానిని "దేశమంతటను వచ్చిన గొప్ప కరువువంటిది" అని ఒక్క వాక్యములో తేల్చివేసితిమి. అప్పుడు ఆ బాలిక లేచి నిలువబడి ఇట్లడిగెను: "అక్కడ కాలువ నీళ్ళుంటాయంటిరి కద సార్. పంట బాగా పండుతాదంటిరి. పంట పండినంక కరువెట్లొచ్చె?"

మేము సాంఘికశాస్త్రపు పంతులము కదా! వెంటనే సమాధానము వల్లించితిమి. 1929 అక్టోబరులో న్యూయార్కు వాటాల బజారు కూలినది, బ్యాంకులు మూతపడినవి, కర్మాగారములు నిలిచిపోయినవి, ప్రపంచ వాణిజ్యము కుంగినది. బాలిక వినయముతో అంతయు వ్రాసికొనెను. వ్రాసికొని, మరల నిలువబడి, "సరే సార్, న్యూయార్కులో అది కూలితే ఈడ పంట పండినోని యింట్లో గింజలు యాడికి పాయె?" అని అడిగెను. పిల్లలు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. ముప్పది యేండ్లుగా పరీక్షలలో నాలుగు మార్కులు వేయుచు వచ్చిన సమాధానము ఒక ఇంటి గడప దాటి లోనికి పోజాలదని ఆ క్షణమున తెలిసినది.

వచ్చు ఆదివారమునకు ఒక పని యప్పగించితిమి. మీ ఇండ్లలో పెద్దలను అడుగుడు. వారి తాతల కాలమున, వానలు కురిసినను ఇల్లు చితికిన యేడు ఏదైన కలదా, తెలిసికొని రండు అంటిమి. ఎక్కువ మంది రిక్తహస్తములతో వచ్చిరి. ఒక కుఱ్ఱవాడు ట్రంకుపెట్టె అడుగుననుండి పాత తాకట్టు పత్రము నొకదానిని బట్టలో చుట్టి తెచ్చెను. మడతలు చినిగియుండెను, సిరా గోధుమవన్నె తిరిగియుండెను. పిల్లలందఱు చుట్టు మూగి, అందులో తమకు తెలిసిన చేను పేరు కనుగొని కేకలు వేసిరి. ప్రశ్న అడిగిన బాలిక మాత్రము ఒక కథ తెచ్చెను. ఆమె ముత్తవ్వకు బంగారు కమ్మలుండెడివట. ఒక యేడు పంట బాగుగనే వచ్చినది, కొనువాడు లేడు, శిస్తు మాత్రము తప్పలేదు, కమ్మలు పోయినవి. ఈ కథకు ఇంటివారు చెప్పు ముక్తాయింపు మఱియొకటి కలదు. "మా ముత్తాత చేతగానోడంట సార్. ఇంట్లో అందరు అట్లే అంటారు" అని ఆమె తల వంచుకొనెను.

నాటి పాఠము మేము నల్లబల్లమీద లెక్కగా చెప్పితిమి. అంకెలు లెక్క సులభమగుటకు మేము కల్పించినవే, గతి మాత్రము నాటిదే. ఒక రైతునకు నూఱు రూపాయల అప్పు కలదనుకొందము. శిస్తు ఇరువది రూపాయలు. వేరుసెనగ మూట పది రూపాయలు పలుకు దినములలో అప్పు పది మూటలు, శిస్తు రెండు మూటలు. మూట ధర అయిదు రూపాయలకు పడిపోయినది. కాగితముమీది అప్పు నూఱు రూపాయలే, శిస్తు ఇరువదియే. ఐనను రైతు కొలువవలసినది ఇప్పుడు ఇరువది మూటలు, నాలుగు మూటలు. చేను మాఱలేదు, వాన తగ్గలేదు, రైతు సోమరి కాలేదు. అతడు నిద్రపోయి లేచునప్పటికి అప్పు రెట్టింపైనది. పత్రమున ఒక్క అక్షరమైనను ఎవరును దిద్దలేదు.

ఇక న్యూయార్కునకును మన కల్లమునకును గల త్రోవ చూపవలసియుండెను. మదరాసు రాష్ట్రమునందు పండిన వేరుసెనగ ఆ కాలమున ఓడలెక్కి ఫ్రాన్సుదేశపు మార్సేయి మొదలగు రేవులకు పోయెడిది. అచ్చటి గానుగ మిల్లులు దానినుండి నూనె తీసెడివి, ఆ నూనెతో సబ్బులు చేసెడివారు. అచ్చట కొనువాని చేయి ముడుచుకొన్నచో ఇచ్చట దళారి నోరు ముడుచుకొనును. దళారి కొననిచో షాహుకారునకు సొమ్ము రాదు. షాహుకారు పాత బాకీలకై రైతు తలుపు తట్టును. పావగడ అప్పుడు మైసూరు సంస్థానమున నుండెను, పొరుగున అనంతపురము ఇంగ్లీషువారి పాలన క్రింద నుండెను. రాజ్యములకు ఎల్లలుండెను కాని ధరకు ఎల్ల లేకుండెను. 1930 తరువాత కొన్ని యేండ్లలోనే ఈ దేశమున పంటల ధరలు సుమారు సగమునకు దిగిపోయినవి. నగదుగా నిర్ణయించిన శిస్తు ఆ వేగమున దిగలేదు.

కమ్మల సంగతియు అంతే. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు తన నాణెమునకు బంగారముతో గల ముడిని తెంచుకొన్నది. బంగారము వెల పెరిగినది. నగదు లేక అల్లాడు భారతదేశపు కుటుంబములు మెడలోనివి, చెవులలోనివి తీసి అమ్మినవి. ఆ యేండ్లలో ఈ దేశమునుండి బంగారము ఓడలమీద విరివిగా తరలిపోయినది. చరిత్రగ్రంథములు దానిని ఎగుమతి యని వ్రాయును. దానిలో ముత్తవ్వల కమ్మలు ఎన్ని గలవో ఆ గ్రంథములు చెప్పవు, చెప్పజాలవు. 1938లో మదరాసు రాష్ట్రమున రాజాజీ మంత్రివర్గము రైతు ఋణముల ఉపశమనమునకై ఒక చట్టము చేసినది. అప్పటికి అమ్ముడుపోయినవి అమ్ముడుపోయినవే.

లెక్క ముగిసిన పిమ్మట బాలిక చాలసేపు నల్లబల్లవంక చూచుచు కూర్చుండెను. అటుపిమ్మట మెల్లగా, "అయితే మా ముత్తాత చేతగానోడు కాదా సార్?" అని అడిగెను.

దీనికి బదులు చెప్పుట సులభము కాదు. కాడని చెప్పి ఆమెను సంతోషపెట్టుటకు మాకు నోరు వచ్చెను. కాని మేము ఆయనను ఎఱుగము. "ఆయన ఎట్టివాడో మనకు తెలియదమ్మా. కాని ఆ యేటి ధర చూడకుండ ఆయనమీద తీర్పు చెప్పుట న్యాయము కాదు. మీ యింటిలో ఇంతవఱకు ఎవరును ధర చూడలేదు" అంటిమి. ఆమె ముఖమున కలిగిన వెలుగును మేము మఱువలేము. చనిపోయిన మనిషికి మూడు తరములకు పిమ్మట వాయిదా దొరికినట్లుండెను.

ఆర్థికమాంద్యపు సాహిత్యమును పిల్లలకు ఏల బోధింపవలెనో మాకు ఆనాడు తెలిసినది. కరువు వచ్చినప్పుడు మనము ఆకాశమును నిందింతుము. అప్పు వచ్చినప్పుడు తండ్రిని నిందింతుము. ఆకాశమును నిందించుటవలన ఎవరికిని నష్టము లేదు. తండ్రిని నిందించుటవలన ఇంటిలో ఒక మనిషి తలయెత్తుకొనలేక తిరుగును, ఆ తలవంపు పిల్లలకు ఆస్తివలె సంక్రమించును. ఆకాశమునకును తండ్రికిని నడుమ ధర యని, వడ్డీ యని, విపణి యని కనబడని శక్తి యొకటి కలదు. దానిని పాఠ్యపుస్తకము వర్ణించును, కాని అది ఇంటిలోనికి వచ్చి యెట్లు కూర్చుండునో నవల మాత్రమే చూపును.

ఇంత తెలిసిన తరువాత మాకు ఉత్సాహము హెచ్చినది. అమెరికా రచయిత స్టయిన్‌బెక్ 1939లో ప్రకటించిన 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' కథను పిల్లలకు మా మాటలలో చెప్పితిమి. ఓక్లహోమా సీమలో వానలు లేక నేల ధూళియై యెగిరినది, అదే సమయమున మాంద్యము వచ్చినది. జోడ్ కుటుంబము ఇల్లు విడిచి, పాతబండిపై సామానులు కట్టుకొని, పనికై కాలిఫోర్నియాకు వలస పోయినది. అచ్చట తోటలనిండ పండ్లు. ధర నిలుపుటకై ఆ పండ్లను పాడుచేయుచుండగా, ప్రక్కనే ఆకలిగొన్న పిల్లలు. ఆ దేశమున ఈ పుస్తకమును ఉన్నతపాఠశాలలలో నేటికిని చదివింతురు. మా పిల్లలకు కరువును మాంద్యమును కలిసి ఒకే బండిలో వచ్చుట ఈ కథలో కనబడినది. ధూళిని గూర్చి వారికి చెప్పనక్కఱలేదు. పండ్లపై కిరసనూనె పోయుటను గూర్చి మాత్రము గంటసేపు వాదులాడుకొనిరి.

తరువాత కన్నడమునందు శివరామకారంతుగారి 'మరళి మణ్ణిగె' చేపట్టితిమి. పడమటి సముద్రతీరపు ఒక కుటుంబము మూడు తరముల కథ. మూడవ తరమువాడైన రాముడు మదరాసులో చదివి, బొంబాయిలో బ్రదుకుతెరువు దొరకక తుదకు తన నేలకు మరలి వచ్చును. అటు తెనాలి రచయిత, ఇటు కన్నడ కరావళి రచయిత ఇంచుమించు ఒకే కాలమున గల యువకుని కష్టమును వేఱువేఱు భాషలలో వ్రాసిరి. రెండు భాషలను రెండు చేతులవలె వాడుకొను మా పిల్లలకు ఈ రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టి చదువుకొను భాగ్యము కలిగినది. రెండు భాషల నడుమ నుండుట లోపమని తలచువారు ఈ లాభమునుకూడ లెక్కలో వేసికొనవలెను.

రాముడు నేలకు మరలి వచ్చుట ఆదర్శముగా మేము కొంత గొప్పగా వర్ణించితిమి. వెనుక వరుసనుండి ఒక కుఱ్ఱవాడు లేచెను. 'పెన్నేటి పాట'ను పక్కింటి కథ యన్నవాడు అతడే. "ఆయనకు తిరిగి రావడానికి నేలుండె. నేల లేనోడు యాడికి తిరిగొస్తాడు సార్?"

ఆ ప్రశ్న పుస్తకమునుండి వచ్చినది కాదు. 2018 మార్చిలో మా తాలూకాలో సౌరవిద్యుత్ క్షేత్రము ప్రారంభమైనది. తిరుమణి, వళ్ళూరు మొదలగు అయిదు గ్రామములలో సుమారు 13,000 ఎకరములు దానికి పోయినవి. దాని ఉత్పత్తి సామర్థ్యము 2,050 మెగావాట్లు. రైతుల నేల కొనలేదు, కౌలుకు తీసికొనిరి. ఆరంభమున ఎకరమునకు ఏడాదికి 21,000 రూపాయలు కౌలుగా నిర్ణయించిరి. ఎండిపోయిన బోరుబావులతో విసిగిన భూస్వామికి ఇది నిలుకడగల ఆదాయమే. కాని ఆ చేలలో కలుపు తీసి, కాయలు కోసి బ్రదుకుచుండిన కూలివారికి కౌలు లేదు. ఆ కుఱ్ఱవాని తల్లి అట్టివారిలో ఒకతె. 2020లో మహమ్మారివలన బెంగుళూరులో పనులు నిలిచిపోయినప్పుడు అతని అన్న మూటతో ఇల్లు చేరెను. రాముడువలె నేలకు మరలినవాడే. వచ్చి చూడగా, తల్లి పని చేసిన చేలన్నియు అద్దములతో మెఱయుచుండెను. దినమెల్ల ఎండ పంటగా పండుచున్నది, చేతికి మాత్రము పని లేదు. పంట పండిన కరువనగా ఏమో ఆ కుఱ్ఱవానికి మాకంటె ముందే తెలియును.

మేము ఆ ప్రశ్నకు తగిన గౌరవమీయక పొరపాటు చేసితిమి. గంట ముగియవచ్చినదని తొందరపడి, 'చదువు' నవలకు మరలి, "ఆ దినములలో బి.ఏ. పట్టా కూడ అన్నము పెట్టలేదు. చదివినవాడును చదువనివాడును ఒక్కటే యైరి" అని నవ్వుచు పాఠము ముగించితిమి. పిల్లలును నవ్విరి. పుస్తకమును సగములో మూసి లోనికి పోతిమి.

తరువాతి రెండు ఆదివారములు ఆ కుఱ్ఱవాడు రాలేదు. బడికిని రాలేదు. ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలు నాలుగు నెలల దూరమున నుండెను. మేము వారి యింటికి పోతిమి. అతడు అన్నతో బెంగుళూరునకు కట్టడపు పనికి పోయెనని తల్లి చెప్పెను. ఏల పంపితివమ్మా యని అడిగితిమి. ఆమె మావంక ఆశ్చర్యముతో చూచి, "చదువు అన్నం పెట్టదని మీరే చెప్పినారంట కద సామీ" అనెను. ఆమె గొంతులో నిష్ఠూరము లేదు. పంతులు చెప్పిన మాటను పాటించితిమన్న నమ్మకము మాత్రమే యుండెను. మంచినీళ్ళు తెచ్చి యిచ్చెను. ఆ నీళ్ళు మా గొంతు దిగలేదు.

మా మాట యొక్కటియే అతనిని పంపినదని మేము అనుకొనము. పంపినది ఇంటి పేదరికమే. కాని పేదరికము త్రోయుచున్నప్పుడు పట్టుకొనుటకు అతనికి ఒక గుంజ కావలసియుండెను. ఆ గుంజను మేమే ఊడబెఱికితిమి. తండ్రులమీద తీర్పు చెప్పుటకు ధర చూడవలెనని బోధించిన మేమే, చదువుమీద తీర్పును ధర చూడకుండ చెప్పివేసితిమి. పట్టాకు ఆ యేడు వెల పడిపోయినది, నిజమే. వేరుసెనగకును పడిపోయినది. అంతమాత్రమున వేరుసెనగలో నూనె లేకపోయెనని ఎవరైన అందురా?

మేము చెప్పవలసియుండి చెప్పని సంగతి యొకటి కలదు. కుటుంబరావుగారు కాశీ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రములో ఎం.ఎస్‌సి. చదువుచుండగా, ఆ ఆర్థికమాంద్యపు దెబ్బకే వారి చదువు నడుమ ఆగిపోయినది. పట్టా చేతికి రాలేదు. ఐనను నేర్చినది చేజాఱలేదు. ఆ దెబ్బ ఎచ్చటనుండి వచ్చినదో వారు జీవితాంతము విచారించుచు కథలుగా, నవలలుగా, వ్యాసములుగా వ్రాసిరి. 1952 మొదలు 1980లో కన్ను మూయువఱకు 'చందమామ' పత్రికను తీర్చిదిద్దినదియు ఆ చేయియే. మన యిండ్లలో దీపము ముందు కూర్చుండి 'చందమామ' చదివిన తరములవారు, చదువు నడుమ ఆగిపోయిన ఒక విద్యార్థి పెట్టిన అన్నమునే తినిరి. ఈ మాట మేము చెప్పుటకు అయిదు నిమిషములు పట్టెడిది.

ఉగాదికి ఆ కుఱ్ఱవాడు ఊరికి వచ్చెను. సున్నపు మరకల చేతులతో అరుగు చివర కూర్చుండి, "ఆ కథ మిగిలింది చెప్పండి సార్" అనెను. పుస్తకము తీసి ప్రొద్దు గ్రుంకువఱకు చదివితిమి. కుటుంబరావుగారి సంగతియు చెప్పితిమి, మేము నాడు అన్న మాట తప్పనియు చెప్పితిమి. అతడు దానికి బదులు చెప్పలేదు. పరీక్షకు ప్రైవేటుగా కట్టవచ్చునా యని మాత్రము అడిగెను. కట్టవచ్చునంటిమి. మఱునాటి ఉదయపు బస్సుకు బెంగుళూరు పోయెను. కట్టునో కట్టడో ఇంతవఱకు మాకు తెలియదు. రుసుము మా యొద్ద సిద్ధముగా నున్నది.

అటుపిమ్మట మా బోధనలో రెండు నియమములు పెట్టుకొంటిమి. కష్టకాలపు కథను చదివించునప్పుడు ప్రక్కన లెక్కల పుస్తకము నుండవలెను. ఎవని చేతినుండి ఎవని చేతికి ఎంత పోయినదో పిల్లలే కట్టి చూడవలెను. రెండవది, అట్టి కథను ఎన్నడును చీకటి పుటవద్ద మూయరాదు. గంట కొట్టినను సరే, ఆ దినము ముగించు చోటు ముందుగనే చూచుకొనవలెను. తోచినచోట నిలిపినచో పుస్తకము చెప్పని మాటను పిల్లవాడు ఇంటికి తీసికొనిపోవును.

ఈ సంచిక చదువు పెద్దలకు ఒక విన్నపము. పొరుగు రాష్ట్రములలో స్థిరపడిన మన తెలుగు కుటుంబములు పూర్వుల వైభవమును శ్రద్ధగా కాపాడుకొనుచున్నవి. ఏ తాత ఎన్ని ఎకరములకు కామందో, ఏ పెండ్లి ఎన్ని దినములు జరిగినదో పిల్లలకు చెప్పుచుందుము. తాకట్టు పత్రములను మాత్రము ట్రంకుపెట్టె అడుగున దాచుదుము, అమ్ముడుపోయిన కమ్మల సంగతి వచ్చినచో గొంతు తగ్గింతుము. అందువలన మన పిల్లలు వైభవము తాతలదనియు, లేమి తండ్రుల తప్పనియు తలచుచు పెరుగుచున్నారు. ఆ పత్రములను బయటికి తీయుడు. ఆ యేటి ధర యెంతయో, శిస్తు యెంతయో, కొన్నవాడెవరో, కొనక చేయి ముడిచినవాడెవరో పిల్లలతో కూర్చుండి వెదకుడు. ప్రక్కన ఒక మంచి నవలను పెట్టుకొనుడు, తెలుగైనను సరే, కన్నడమైనను సరే.

మొన్న ఆ బాలిక తన యింటి సంగతి చెప్పెను. ఇప్పుడు వారింటిలో ముత్తాతను చేతగానివాడని ఎవరును అనుట లేదట. "ఆ యేడు రేటు పడిపోయిందంట" అని అవ్వ కూడ చెప్పుచున్నదట. కమ్మలు తిరిగి రాలేదు. ఆయన పేరు మాత్రము ఇంటికి తిరిగి వచ్చినది.